పదీ యాభై రెండు

మల్లెవీడు గంటస్తంభం మీది గడియారానికి నిండా కీ ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తుంది. తొమ్మిదో రోజు ఆగిపోతుంది. ఆ తొమ్మిదో రోజు ఎలా ఉంటుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. ముప్పై రెండేళ్లుగా హుస్సేనమ్మ దాన్ని రానివ్వలేదు.

ప్రతి శుక్రవారం పొద్దున ఆమె సంచిలో ఇనప హ్యాండిల్ వేసుకుని తొంభై నాలుగు మెట్లు ఎక్కేది. పైన రెండు ఇనప గుండ్లు తీగతాళ్లకు వేలాడుతూ ఉంటాయి. ఒకటి ముళ్ళను నడిపేది, ఒకటి గంట కొట్టించేది. అవి మెల్లగా కిందికి దిగుతుంటే గడియారం నడుస్తుంది, అడుగంటితే ఆగుతుంది. అంతకుమించి అందులో రహస్యం లేదు. హ్యాండిల్ తిప్పి రెండింటినీ పైకంటా చుట్టడానికి గంటసేపు పడుతుంది. తండ్రి నుంచి నేర్చుకున్న పని. ఊళ్ళో ఆమెను గడియారం హుస్సేనమ్మ అంటారు. బడి గంట, బస్సులు, బజారులో కొట్లు తెరవడం, మూయడం, అన్నీ ఆమె చుట్టిన గుండ్ల మీదే నడిచేవి.

ఇలా ఉండగా పట్టణ వారసత్వ కట్టడాల సందర్శన నియంత్రణ విభాగం అనేది పుట్టింది. దానికి నియంత్రణాధికారిగా పరాంకుశరావు వచ్చాడు. స్తంభం పక్కనే రేకుల గది వేయించుకుని, తలుపు మీద తన పేరు పెద్దగానూ స్తంభం పేరు చిన్నగానూ రాయించుకున్నాడు.

పరాంకుశరావుకు ఆ గడియారం మొదటి రోజే నచ్చలేదు. అది నూనె అడుగుతుంది, మనిషిని అడుగుతుంది, ఆయన సంతకాన్ని మాత్రం అడగదు. దాన్ని పీకేసి కరెంటుతో వెలిగే ఎర్రంకెల బోర్డు పెట్టించాలని, టైముతో పాటు విభాగం పేరు కూడా అందులో పరుగెత్తించాలని ఆయన కోరిక. కాని నడుస్తున్న పాత యంత్రాన్ని తీసేయడానికి పైవాళ్లు ఒప్పుకోలేదు. “గంటకు మించి ఆగిన యంత్రమును నిరుపయోగ వస్తువుగా పరిగణించి తొలగించవచ్చును” అని మాత్రం రాసి పంపారు.

పరాంకుశరావు ఆ వాక్యాన్ని పటం కట్టించలేదు గాని అంత పనీ చేశాడు. ఒక రిజిస్టరు తెప్పించి మూడు గడులు గీయించాడు. ఆగిన సమయం, తిరిగి నడిచిన సమయం, వ్యవధి. యంత్రాన్ని దించితే ఏ సైజు లారీలో పడుతుందో కూడా కనుక్కుని ఉంచాడు. రోజూ సాయంత్రం రిజిస్టరు తెరిచి ఖాళీ పేజీ చూసుకుని మూసేవాడు.

“హుస్సేనమ్మా, ఒంట్లో బాగుంటోందా?” అని అప్పుడప్పుడూ అడిగేవాడు. ఆ అడగడంలో ఆశ ఉండేది.

“బాగుండానయ్యా,” అనేది ఆమె. ఆయన ముఖం వాడిపోయేది.

ఆ ఏడు ఆషాఢంలో ఒక పిల్ల గంటస్తంభం పైన, గంట మోగుతుండగా, జుట్టు ఎగరేసుకుని ఫోన్లో వీడియో తీసి నలుగురికీ పంపింది. నలుగురు నాలుగు వేలమందికి పంపారు. గంట కొట్టే సమయంలో అక్కడ నిలబడి ఫోటో దిగితే అనుకున్నది జరుగుతుందని ఎవరో కలిపారు. వారం తిరిగేసరికి జిల్లా మొత్తం మెట్ల మీద ఉంది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు మధ్యలో ఇరుక్కుని, ముందుకూ వెనక్కూ పోలేక, ఉన్నచోటే ఫోటోలు దిగారు.

పరాంకుశరావు మూడు రోజులు ఆలోచించి బోర్డు పెట్టించాడు.

“ఇందుమూలముగా తెలియజేయడమేమనగా: సందర్శన పావుగంట స్లాట్లుగా విభజింపబడినది. ఒక్కో స్లాటునకు ఇరువది మంది. స్లాటు ప్రారంభమున ఎక్కవలెను, ముగింపున దిగవలెను, మధ్యలో దిగరాదు. యంత్రమును తాకరాదు. స్తంభములో అడుగుపెట్టు ప్రతి వ్యక్తియు సందర్శకుడే.”

శుక్రవారం పొద్దున హుస్సేనమ్మ గేటు దగ్గరికి వచ్చింది. కాపలాదారు ఓబులేసు కొత్త విజిల్ మెడలో వేసుకుని నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా ప్రతి శుక్రవారం ఆమె ఫ్లాస్కులోని టీ తాగినవాడు.

“టిక్కెట్టక్కా,” అన్నాడు, నేల చూస్తూ.

“నాకు టిక్కెట్టేందిరా? నేను చూసేదానికి వస్తాండానా?”

“నువ్వు చూడకపోయినా మనిషివి గదక్కా. మనిషికి టిక్కెట్టు ఉండాలంట. బోర్డు చదువు. నేను ఒకటికి నాలుగుసార్లు చదివినా. నీకు తప్పించుకునే దారి యాడా లేదు.”

హుస్సేనమ్మ టిక్కెట్ల కిటికీకి వెళ్ళింది. లోపల సుభాషిణి అనే అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

“పెద్దలు, పిల్లలు, విదేశీయులు. మూడు రకాలే ఉన్నాయి పెద్దమ్మా. మీరెవరు?”

“గడియారానికి కీ ఇచ్చేదాన్ని.”

“అది రాలేదు ఇందులో. విదేశీయులైతే ఇప్పుడే ఖాళీ ఉంది.”

“నేను మిట్టవీధిలో పుట్టినా తల్లీ.”

“అయితే పెద్దలు. పదకొండు గంటల స్లాటులో ఎవరో మానుకున్నారు, అది ఇస్తాను. సందర్శన ఉద్దేశం ఏంటి? వినోదమా, విజ్ఞానమా?”

“కీ ఇయ్యడం.”

“రెంట్లో ఒకటే నొక్కనిస్తుంది పెద్దమ్మా.”

హుస్సేనమ్మ ఆలోచించింది. ఒక్కో గుండు రెండు సిమెంటు మూటల బరువు. “వినోదం నొక్కు,” అంది.

టిక్కెట్టు చేతికొచ్చాక కూడా మనసొప్పక రేకుల గదిలోకి వెళ్ళింది. పావుగంటలో ఎక్కి, చుట్టి, దిగడం కుదరదని, తనకు గంట కావాలని చెప్పింది. పరాంకుశరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మినహాయింపు అనేది మార్గదర్శకాల స్ఫూర్తికే విరుద్ధం హుస్సేనమ్మా. నియమం ముందు నువ్వూ నేనూ సమానం. టిక్కెట్టు లేకుండా నేను కూడా ఎక్కను.” కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. “ఇంతవరకు ఎక్కలేదు.”

“మరి గడియారం ఆగిపోతే?”

“ఆగిపోవాలని నేను కోరుకుంటానా?” అన్నాడు పరాంకుశరావు, రిజిస్టరు మీద చెయ్యి వేసుకుని.

పదకొండుకు గేటు తీశారు. తొంభై నాలుగు మెట్లకు ఆరు నిమిషాలు పట్టింది. పైన కాలేజీ పిల్లలు పంతొమ్మిది మంది యంత్రం చుట్టూ మూగి ఉన్నారు. హుస్సేనమ్మ మధ్యలోంచి దూరి హ్యాండిల్ తగిలించింది.

“ఆంటీ, కొంచెం వంగండి, ఫోటోలో పడుతున్నారు,” అన్నాడొకడు.

ఆమె వంగే తిప్పింది. ముళ్ళ గుండు ముందు, అది ముఖ్యం. ఒక్క తిప్పుకు గడియారం గంటా ముప్పావు నడుస్తుందని ఆమెకు తెలుసు. ఇరవై ఆరు తిప్పులు లెక్కపెట్టుకుంది. ఇరవై ఏడోది సగంలో ఉండగా ఓబులేసు విజిల్ వేస్తూ పైకొచ్చాడు.

“టైమైందక్కా, దిగు.”

“ఒక్క తిప్పురా. సగంలో ఉంది.”

“ఒక్క తిప్పు తిప్పినావంటే ఇంకొకటి అంటావు. సారు కింద నిలబడి చేతి గడియారం చూస్తాండాడు. నా ఉద్యోగం తిప్పుతావా ఏంది?”

హుస్సేనమ్మ సగం తిప్పును వెనక్కి వదిలి హ్యాండిల్ ఊడదీసుకుంది. దిగుతూ లెక్క వేసుకుంది. పాత నిల్వ, కొత్త తిప్పులు కలిపి సోమవారం పదకొండుకు అటో ఇటో. కింద సుభాషిణిని అడిగితే అన్ని స్లాట్లూ అయిపోయాయనీ, మళ్ళీ దొరికేది సోమవారం పదకొండుదేననీ చెప్పింది. హుస్సేనమ్మ అదే తీసుకుంది. వినోదం అని తనే చెప్పింది.

గంట గుండుకు ఆమె చెయ్యే తగల్లేదు కాబట్టి శనివారం మధ్యాహ్నానికి గంట మూగబోయింది. “శబ్ద కాలుష్యము గణనీయముగా తగ్గినది” అని పరాంకుశరావు పైకి రాశాడు. వచ్చినవాళ్లు కూడా పట్టించుకోలేదు. కొట్టని గంట కింద నిలబడి, కొట్టినట్టే జుట్టు ఎగరేసుకుని ఫోటోలు దిగారు.

ఆ శనివారమే ఇంకో తంటా వచ్చింది. దిగమని విజిల్ వేస్తే, తన ఫోన్లో ఇంకా రెండు నిమిషాలుందని ఒకాయన మెట్ల మీద కూర్చున్నాడు. ఇంకొకావిడ చేతి గడియారం పది నిమిషాలు ముందుంది. నా టైము వచ్చింది, గేటు తియ్యమని తగువు. పరాంకుశరావు మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు తయారుచేశాడు. “వ్యక్తిగత గడియారములలోని కాలము చెల్లదు. గంటస్తంభముపై కనబడు కాలమే అధీకృత కాలము. స్లాట్లు, సిబ్బంది పనివేళలు, భోజన విరామము, విభాగపు సమస్త వ్యవహారములు అధీకృత కాలమునే అనుసరింపవలెను.” దాన్ని పైకి పంపితే పైవాళ్లు ముచ్చటపడి, రాష్ట్రమంతా ఇలాగే చేద్దామని ఆదివారం సెలవైనా జవాబిచ్చారు.

సోమవారం హుస్సేనమ్మ పది గంటలకే వచ్చి గేటు దగ్గర నిలబడింది. మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూసింది. పది నలభై ఐదు స్లాటు వాళ్లు ఇరవై మంది లోపలికి పోయారు. వాళ్లలో బోరు మోటార్లు బాగుచేసే కుళ్ళాయప్ప, పెళ్ళాంతో సహా ఉన్నాడు. వాళ్లు ఎక్కిన కాసేపటికి పెద్ద ముల్లు యాభై రెండు దగ్గర ఒకసారి వణికి నిలబడిపోయింది.

ముప్పై రెండేళ్లలో అది ఆగడం ఆమె చూడలేదు. ఎనిమిది నిమిషాలు. ఆ సగం తిప్పు పూర్తి చేసి ఉంటే చాలిపోయేది.

“ఓబులేసూ, గేటు తియ్యి. ఆగిపోయింది.”

ఓబులేసు పైకి చూశాడు. “నీది పదకొండుది గదక్కా. ఇంకా పదీ యాభై రెండే అయింది.”

“ఆగిపోయిందిరా. పదకొండు ఎట్లా అవుతాది?”

“అయినప్పుడు తీస్తాలే.”

కబురు రేకుల గదికి చేరింది. పరాంకుశరావు బొట్టు పెట్టుకుని పెళ్ళికి బయలుదేరినట్టు వచ్చాడు. చంకలో రిజిస్టరు. కుర్చీ వేయించుకుని, మొదటి గడిలో “10.52” అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఇక గంట గడవడమే తరువాయి. గంట దాటితే యంత్రం నిరుపయోగ వస్తువు. ఫోన్ తీసి లారీవాణ్ని సిద్ధంగా ఉండమన్నాడు. హుస్సేనమ్మ సంచిని రెండు చేతులతో పట్టుకుని ఎదురుగా నిలబడి అన్నీ విన్నది.

పరాంకుశరావు చేతి గడియారంలో గంట గడిచింది. ఆయన పెన్ను మూత తీశాడు.

“సార్,” అన్నది సుభాషిణి కిటికీలోంచి, “ఇదే వివరం కంప్యూటర్లో కూడా ఎక్కించాలి. ఇప్పుడు టైమెంతని వేయను?”

“పన్నెండు...” అని మొదలుపెట్టి పరాంకుశరావు ఆగాడు. తల పైకెత్తాడు. స్తంభం మీద పదీ యాభై రెండు.

“ఆగింది పదీ యాభై రెండుకు. ఇప్పుడు పదీ యాభై రెండు. వ్యవధి సున్నా వస్తోంది సార్.”

“చేతి గడియారం ప్రకారం వెయ్యి.”

“వ్యక్తిగత గడియారాలు చెల్లవని ఉత్తర్వు ఉంది సార్. మీదే.”

పరాంకుశరావు పైవాళ్లకు ఫోన్ చేశాడు. ఉత్తర్వు రద్దు చేసుకుంటానన్నాడు. పైవాళ్లు నొచ్చుకున్నారు. అంత మంచి ఉత్తర్వును రద్దు చేయడమేమిటన్నారు. తప్పదంటే, జారీ అయ్యాక ఒక పూర్తి పనిదినం అమలై తీరాలి, ఆ తరువాతే రద్దు అన్నారు. శనివారం సగం రోజు, ఆదివారం సెలవు, కాబట్టి ఇవాళే ఆ పనిదినం. ఇది గడవగానే రద్దు చేసుకోవచ్చు. ఈలోగా విషయం తీవ్రమైనది గనుక అత్యవసర సమావేశం పెడుతున్నామని, సరిగ్గా పదకొండున్నరకు, అధీకృత కాలం ప్రకారం, అందరూ కూర్చోవాలని చెప్పి ఫోన్ పెట్టేశారు.

హుస్సేనమ్మకు నోట మాట తక్కువ. ఆఫీసరు ముందు ఇంకా తక్కువ. అయినా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

“ఎంతసేపు ఆగింది సార్?”

పరాంకుశరావు రిజిస్టరు మూసుకున్నాడు.

“రాసుకోండి సార్. నేను పోయి లారీ వచ్చిందేమో చూసొస్తా.”

“ఎగతాళి వద్దు హుస్సేనమ్మా. క్షేత్రస్థాయిలో కొన్ని సాంకేతిక ఇబ్బందులు ఉంటాయి.”

ఎండ నడినెత్తికి వచ్చి, అటుపక్కకు జారింది. పదీ యాభై రెండు. పదకొండు, పదకొండుంపావు, పదకొండున్నర స్లాట్ల వాళ్లు, వాళ్ల వెనక మధ్యాహ్నం స్లాట్ల వాళ్లు, అందరూ టిక్కెట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. ఎవరికీ ఆలస్యం కాలేదు కాబట్టి ఎవరికీ ఫిర్యాదు చేసే హక్కు లేకపోయింది. భోజన విరామం ఒంటిగంటకు. అందువల్ల సిబ్బంది క్యారియర్లు మూతలతోనే ఉన్నాయి. ఓబులేసు తన క్యారియరు పక్కన కూర్చుని వాసన మాత్రం చూసుకుంటున్నాడు.

“సార్, ఒంటిగంటకు తినే కడుపు సార్ ఇది. దానికి అధీకృతం తెలీదు.”

“క్రమశిక్షణ ఓబులేసూ,” అన్నాడు పరాంకుశరావు. ఆయన క్యారియరులో గుత్తివంకాయ ఉంది. అది ఆయనకు తెలుసు.

పైనున్న ఇరవై మంది కిటికీల్లోంచి కేకలు మొదలుపెట్టారు. మధ్యలో దిగరాదు, స్లాటు ముగియలేదు. మొదట పావుగంట టిక్కెట్టుకు ఇంతసేపు చూడనిస్తున్నారని సంబరపడ్డారు. తరువాత ఊళ్ళో చూడటానికి ఏమీ మిగల్లేదు.

“ఓ సారూ,” కుళ్ళాయప్ప గొంతు. “రామాపురంలో బోరు విప్పి పెట్టొచ్చినా. వాళ్లు నన్ను వెతుక్కుంటా వస్తారు. దిగమంటావా, ఈడనే సంసారం పెట్టమంటావా?”

“పదకొండు వరకు సహకరించండి.”

“సహకరిస్తాం. అన్నమన్నా పంపండి.”

హుస్సేనమ్మ తలెత్తి చూసింది. ఆమె మాటలాడేది కేకేసేంత గొంతుతో కాదు. అయినా దోసిలి నోటికి అడ్డం పెట్టి అరిచింది. “అన్నా, యంత్రం వెనక మూలలో తాడు, బకెట్టు ఉండాయి. నూనె డబ్బా లాగే తాడు. కిటికీలోంచి దించు.”

బకెట్టు దిగింది. పక్క హోటలు నుంచి పులిహోర పొట్లాలు తెచ్చి నింపారు. అన్నిటి మీదా తన సంచిలోని హ్యాండిల్ పెట్టింది హుస్సేనమ్మ.

పరాంకుశరావు లేచి నిలబడ్డాడు. “ఆపండి. బకెట్టుకు టిక్కెట్టు ఉందా?”

ఇది తేలడానికి చాలాసేపు పట్టింది. నియమావళి తెప్పించారు. స్తంభంలో అడుగుపెట్టే ప్రతి వ్యక్తీ సందర్శకుడే అని ఉంది. బకెట్టు వ్యక్తి కాదని సుభాషిణి అంది. అడుగు పెట్టదు, గాల్లో పోతుంది అని ఓబులేసు అన్నాడు. పరాంకుశరావు పైవాళ్ల అభిప్రాయం కోరాడు. పులిహోరకు అభ్యంతరం లేదనీ, ఇనప వస్తువు విషయం సమావేశంలో, అంటే పదకొండున్నరకు, చర్చిద్దామనీ వాళ్లు చెప్పారు. అప్పటికి ఆయన చేతి గడియారంలో నాలుగూ ముప్పావు. చర్చ జరుగుతుండగా స్తంభం మీదున్నవాళ్ల ఆకలి పెరిగి కుళ్ళాయప్ప బకెట్టును లాగేసుకున్నాడు.

“అక్కా, ఇందులో హ్యాండిల్ ఉంది,” అని కిందికి చూశాడు.

“అంచులో కుడిపక్క చదరం కన్నం ఉంటాది. దాంట్లో తగిలించు. నాలుగు తిప్పులు తిప్పి, లోలకాన్ని ఒక్క తోపు తొయ్యి. ఎడమది ముట్టుకోవద్దు.”

“సందర్శకులు యంత్రాన్ని తాకరాదు,” అని పరాంకుశరావు గొంతు చించుకున్నాడు.

“నేను తాకను సార్. నేను హ్యాండిల్ పట్టుకుంటా. తాకేది హ్యాండిలే. దానికి చెప్పుకో.”

బోర్లు తిప్పిన చేతికి నాలుగు తిప్పులు ఎంత. కింద అందరూ పైకి చూస్తుండగా పెద్ద ముల్లు యాభై మూడు మీదికి జరిగింది. వరుసలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఓబులేసు కళ్ళు తుడుచుకుని క్యారియరు దగ్గరికి జరిగాడు, ఒంటిగంటకు ఇక రెండు గంటలే.

అధీకృతంగా పదకొండు కాగానే ఇరవై మందీ దిగారు. ఒక్క నిమిషం ఆలస్యం లేదు. కుళ్ళాయప్ప హ్యాండిల్ హుస్సేనమ్మ చేతిలో పెట్టి, “ఈ పని రోజూ చేస్తావా అక్కా? చేతులు ఊడొచ్చినాయి,” అని పెళ్ళాన్ని తీసుకుని రామాపురం దారి పట్టాడు.

గేటు తీశారు. హుస్సేనమ్మ లోపలికి అడుగు పెట్టబోతుంటే పరాంకుశరావు పక్కకు పిలిచాడు. ఆకలికి ఆయన ముఖం సన్నబడింది, గొంతు మాత్రం తీయగా మారింది.

“హుస్సేనమ్మా, ఇంత కాలం నీ గడియారం ఒక్కరోజూ తప్పు టైము చూపించలేదు. ఊరంతా నమ్మింది. ఇప్పుడు బయట చూడు, పొద్దు వాలింది, అది పదకొండంటోంది. పైకి వెళ్ళావు కదా, ముళ్ళు సరిచెయ్యి. నీ పేరుకు మచ్చ ఎందుకు?”

రిజిస్టరు ఆయన చంకలోనే ఉంది. హుస్సేనమ్మ దాన్నీ చూసింది, ఆయన్నీ చూసింది. తలూపి ఎక్కింది.

పైన పదకొండూ ఆరు. ఆమె కొంగుతో చెమట తుడుచుకుని, అటూ ఇటూ ఊగుతున్న లోలకాన్ని చేత్తో పట్టుకుని ఆపింది. తల జుట్టుకున్న రిబ్బను విప్పి దానితో లోలకాన్ని చట్రానికి కట్టేసింది. పదకొండూ ఆరు అక్కడే నిలబడింది. పావుగంట స్లాటులో ఆమెకింకా తొమ్మిది నిమిషాలు ఉన్నాయి. ఆమె లోలకం వదిలేదాకా ఉంటాయి.

ఆమెతో వచ్చిన పంతొమ్మిది మంది ఫోటోలు దిగి, దిగినవే మళ్ళీ దిగి, చివరికి ఫోన్లు జేబుల్లో పెట్టుకుని ఆమె పనిని చూస్తూ కూర్చున్నారు. హుస్సేనమ్మ తొందరపడకుండా ముళ్ళ గుండు చుట్టింది, గంట గుండు చుట్టింది, నూనె వేయాల్సిన చోట వేసింది. కింద ఓబులేసు విజిల్ నోట్లో పెట్టుకుని, పైకి చూసి, తీసేసి, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. విజిల్‌కు టైము రాలేదు.

గుండ్లు రెండూ పైకంటా వెళ్ళాక ఆమె ముళ్ళ చక్రం దగ్గర చాలాసేపు నిలబడింది. ఒక్క నట్టు వదులు చేస్తే చాలు, పెద్ద ముల్లును ఏడు చుట్లు తిప్పి నిజం టైము దగ్గర పెట్టొచ్చు. ఆ చేతికి అంతకంటే అలవాటైన పని లేదు. అలా పెట్టిన మరుక్షణం కింద రిజిస్టరులో పదీ యాభై రెండు నుంచి సాయంత్రం దాకా వ్యవధి వస్తుంది, లారీ వస్తుంది, నాన్న చేతుల నూనె ఇంకా ఉన్న ఈ చక్రాలు పాత ఇనుములో కలుస్తాయి. పెట్టకపోతే, రేపు పొద్దున ఊరు నిద్రలేచి తల ఎత్తితే గడియారం అబద్ధం చెబుతుంది. ఆమె చుట్టిన గడియారం.

ఆమె నట్టు జోలికి పోలేదు. లోలకం కింద ఉండే చిన్న మరను మాత్రం రెండు వేళ్లతో కొంచెం పైకి బిగించింది. అలా బిగిస్తే గడియారం రోజుకు ఐదు నిమిషాలు ముందుకు పోతుంది. రోజుకు ఐదు. ఎవరూ పట్టుకోలేరు. ఎవరి రిజిస్టరులోనూ దానికి గడి లేదు. దసరాలకు నిజం దగ్గరికి చేరుతుంది. అప్పటిదాకా ఊరు ఓర్చుకోవాలి, ఆమె కూడా ఓర్చుకోవాలి.

రిబ్బను విప్పి జుట్టు కట్టుకుని, లోలకాన్ని ఒక్క తోపు తోసి, పంతొమ్మిది మందినీ ముందు పెట్టుకుని దిగింది. కిందికి వచ్చేసరికి పదకొండూ పద్నాలుగు. సుభాషిణి టిక్కెట్టు మీద ముద్ర వేసింది. స్లాటు లోపలే.

పరాంకుశరావు తల ఎత్తి చూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు. ఆరూ ఇరవై రెండు.

“సరిచేయలేదా?”

“ఏది సార్?”

“టైము.”

“అధీకృతం అదే కదా సార్, పైన కనిపించేది. అందులో తప్పేముంది?”

వరుసలో వందమంది ఉన్నారు. వాళ్లంతా ఆయన్నే చూస్తున్నారు. కాదంటే తన ఉత్తర్వు తప్పు, అవునంటే తన పొట్ట ఖాళీ. పరాంకుశరావు రిజిస్టరు తెరిచాడు. రెండో గడిలో “10.52” అని, మూడో గడిలో సున్నా వేశాడు. తరువాత చేతి గడియారం మర బయటికి లాగి, ముళ్ళను వెనక్కి, వెనక్కి తిప్పుకుని పదకొండూ పద్నాలుగు దగ్గర ఆపాడు.

“సార్,” అన్నాడు ఓబులేసు, “రేపు పదింటికి డ్యూటీకి రావాల గదా. ఏ పదింటికి రావాల?”

“అది పదకొండున్నర సమావేశంలో తేలుతుంది,” అన్నాడు పరాంకుశరావు.

హుస్సేనమ్మ హ్యాండిల్ సంచిలో వేసుకుని ఇంటి దారి పట్టింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. పొయ్యి మీద పప్పు పెట్టాలి. వెనక విజిల్ మోగింది, పదకొండుంపావు స్లాటు వాళ్లు ఫోన్ల లైట్లు వేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. వీధి దీపాలు వెలిగాయి. రేకుల గది ముందు కుర్చీలో పరాంకుశరావు ఒళ్ళో క్యారియరు పెట్టుకుని, పదకొండు గంటల ఎండలో నిలబడ్డ సందర్శకులకు షామియానా వేయించమని ఫోన్లో ఎవరికో గట్టిగా చెబుతున్నాడు.